ఆ తెల్ల మాత్ర వెనక మన సుబ్బారావుగారు

ఆశా కార్యకర్త గుమ్మం ముందు నిలబడుతుంది. ఒక చేతిలో మాత్రల డబ్బా, ఇంకో చేతిలో రిజిస్టరు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో అడిగి, వయసును బట్టి మాత్రలు లెక్కపెట్టి ఇస్తుంది. అన్నం తిన్నాకే వేసుకోమంటుంది. తన కళ్ళముందే మింగమంటుంది. మనలో చాలామంది ఏం చేస్తాం? తర్వాత వేసుకుంటామని చెప్పి కొంగుకు ముడేసుకుంటాం. సాయంత్రానికి ఆ మాత్ర పోపుల డబ్బా పక్కనో, పెరట్లోనో ఉంటుంది.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలకు ఇది తెలియని దృశ్యం కాదు. బోదకాలు ఈ నేలకు పాత శత్రువు. ఫైలేరియా ఉన్న జిల్లాల్లో 2004 నుంచి దేశమంతటా సామూహికంగా మాత్రలు మింగించే కార్యక్రమం మొదలైంది. ఆ మాత్ర పేరు డి.ఇ.సి. పాతతరం డాక్టర్లు హెట్రజాన్ అనేవారు. మనం కొంగున ముడేసుకుని మరిచిపోయే ఆ మాత్రను ప్రపంచానికి అందించిన బృందానికి పెద్ద ఎవరో తెలుసా? అచ్చంగా మన తెలుగువాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన కథ తెలిస్తే ఆ మాత్రను అలా పారేయడానికి చెయ్యి రాదు.

అరటిపళ్ళమ్మి కోటీశ్వరుడు కావాలనుకున్న పిల్లాడు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథంగారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని జీతం. తల్లి వెంకమ్మగారు మాత్రం గట్టి మనిషి. పిల్లలు చదువుకుని పైకి రావాలన్నది ఆమె పట్టుదల. ఈ పిల్లాడికేమో చదువు మీద కన్నా డబ్బు సంపాదన మీద మనసు. పదమూడేళ్ళ వయసులో బంధువుల కుర్రాడొకణ్ణి వెంటేసుకుని కాశీకి బయల్దేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళమ్మి బోలెడు డబ్బు గడించాలని ఆలోచన! దారిలోనే దొరికిపోయాడు. ఇంటికి పట్టుకొచ్చారు. వెంకమ్మగారు మళ్ళీ బడికి తోలారు.

మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. పరీక్ష తప్పిన పిల్లల్ని చూసి బెంగపెట్టుకునే అమ్మలందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మద్రాసులో కాలేజీలో చేరాక మరో మలుపు. ఈసారి డబ్బు మీద కాదు, సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరి సాధువై పోవాలనుకున్నారు. దానికి తల్లి ఒప్పుకోలేదు. సేవ చెయ్యాలంటే వైద్యుడై కూడా చెయ్యొచ్చని మద్రాసు మెడికల్ కాలేజీ దారి పట్టారు. ఆ తల్లి ఆ రోజు సరేనని ఉంటే ఈ కథే లేదు.

1919లో పెళ్ళయింది. అమ్మాయి పేరు శేషగిరి. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుడి చదువుకు అండగా నిలిచారు. అవి గాంధీగారి పిలుపు ఊరూరా మోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులే వేసుకెళ్ళారు. తెల్లదొర ప్రొఫెసరుకు అది నచ్చలేదు. ఫలితం, రావలసిన ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పే పనిలో చేరారు.

ఇంట్లో పిడుగు

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు సుబ్బారావుగారి సోదరులను ఇద్దరినీ పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. మనిషి రక్తం లేక పాలిపోయి, ఎండిపోయి చనిపోతాడు. మన వైద్యులు సంగ్రహణి అనే జబ్బు లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. తర్వాత సుబ్బారావుగారికి కూడా అదే జబ్బు తగిలింది. అప్పట్లో ఇంగ్లీషు వైద్యంలో దానికి సరైన మందు లేదు. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. తాను వైద్యుడై ఉండీ తోడబుట్టిన వాళ్ళను దక్కించుకోలేకపోయిన బాధ ఆయన్ని వదల్లేదు. ఈ జబ్బులకు మూలం కనుక్కోవాలన్న కోరిక అక్కడే నాటుకుంది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవాలనుకున్నారు. మామగారు సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా చెయ్యందించింది. 1920ల మొదట్లో ఓడెక్కారు. కొన్నేళ్ళలో తిరిగొస్తానన్న మాట మీద శేషగిరమ్మ ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన ఒక్క కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ కడుపుకోతను భర్త పక్కన లేకుండా ఒక్కతే దిగమింగుకుంది.

బోస్టన్‌లో ఆయన బతుకు కూడా పూలపాన్పు కాదు. అక్కడ మన డిగ్రీతో వైద్యం చేయనివ్వరు. ఒక ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి, రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి పొట్టపోసుకున్నారు. పగలు చదువు, రాత్రి చాకిరి. ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా పూర్తయ్యాక సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర జీవరసాయన పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఈనాటికీ విద్యార్థులు చదువుకుంటున్నారు. మన కండరాలు పనిచేయడానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో వెలికితీశారు. ఎ.టి.పి.ని అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నారు. రోకలి ఎత్తినా, బిందె మోసినా, కంటిరెప్ప కొట్టినా మన ఒంట్లో ఖర్చయ్యేది ఆ ఎ.టి.పి.యే. 1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు.

అన్నదమ్ముల ఋణం

1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. రెండేళ్ళలో అక్కడి పరిశోధనలన్నింటికీ డైరెక్టరయ్యారు. అక్కడినుంచి వరసగా విజయాలే.

మొదటిది ఫోలిక్ ఆసిడ్. దీనికి మన దేశంతో ఒక ముడి ఉంది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో వెతికింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని తేల్చింది. అందులో ఉన్న పదార్థమేమిటో అప్పటికి తెలియదు. ఆ పదార్థమే ఫోలిక్ ఆసిడ్. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసి చూపింది సుబ్బారావుగారి బృందం. వెంటనే క్యూబా, ప్యూర్టోరికో దీవుల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే లేవలేని వాళ్ళు లేచి కూర్చున్నారు. అవును, అదే స్ప్రూ. ఆయన సోదరుల్ని మింగిన జబ్బు. పాతికేళ్ళ తర్వాత దాని పీచమణచే మందు ఆ ఇంటివాడి చేతిమీదుగానే వచ్చింది. ఇవాళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆసిడ్ కలిసే ఉంటుంది.

ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందులకు అదే ముందుతరం. రక్తక్యాన్సర్ పిల్లల మీద 1947, 48లలో సిడ్నీ ఫార్బర్ వాడి చూసిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్ళవాతానికి కూడా రాస్తున్నారు.

హెట్రజాన్ పుట్టుక

ఇక మన నల్గొండ కథకు వద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా బారిన పడ్డారు. వృషణాలు, కాళ్ళు, చేతులు వాచి కుర్రాళ్ళు బెంబేలెత్తిపోయారు. మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న జబ్బు అమెరికా వాళ్ళ పిల్లలకు వచ్చేసరికి మందు కోసం వెతుకులాట మొదలైంది.

లెడర్లీలో రెజినాల్డ్ హెవిట్ తదితరులు పత్తిఎలుకలనే ఒక జాతి ఎలుకలకు సోకే ఫైలేరియా పురుగు మీద ఎన్నో రసాయనాలు ప్రయోగించి చూశారు. ఒకటి గురి చూసి కొట్టింది. నోటితో మింగేది, చవకైనది. 1947లో హెట్రజాన్ లోకానికి తెలిసింది. మొదట్లో రోగులకు ఇచ్చి చూసిన చోట్లలో ప్యూర్టోరికో ఒకటి. అప్పటిదాకా బోదకాలుకు వాడిన ఆర్సెనిక్, ఆంటిమొనీ సూదిమందులు రోగినే కుంగదీసేవి. వాటితో పోలిస్తే ఇది అమృతమే.

మాత్రకు తోడు మన ఒళ్ళు

ఈ మాత్ర పనిచేసే తీరు చిత్రంగా ఉంటుంది. గాజు పాత్రలో ఫైలేరియా పిల్లపురుగులు వేసి, పైన ఈ మందు పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. అదే మందు మనిషి కడుపులో పడితే గంటల్లో రక్తంలోని పిల్లపురుగులు మాయమైపోతాయి. ఎలాగంటారా? మందు ఒక్కటే పని చెయ్యదు. పురుగు కప్పుకున్న ముసుగును తీసేసి మన రక్షణ కణాలకు అప్పగిస్తుంది. ఆపైన కొట్టేది మన ఒళ్ళే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒంట్లో చేరి, ఒంటిదే తిని బతికే ఈ పురుగులు అలాంటి ఇంటిదొంగలు. వాటిని కనిపెట్టి తరిమే కావలివాళ్ళు మన తెల్లరక్తకణాలు. పురుగుల మీదికి దూకడంలో ఇస్నోఫిల్స్ అనే కణాలది ముఖ్యపాత్ర. రక్తపరీక్ష కాగితంలో ఆ మాట చూసే ఉంటారు. రాత్రిళ్ళు పొడిదగ్గు, ఆయాసం పట్టుకుంటే ఈస్నోఫీలియా అని చెప్పి కొందరికి హెట్రజాన్ రాసేది కూడా అందుకే. ఫైలేరియా పురుగు మీద ఒళ్ళు అతిగా తిరగబడినప్పుడు కూడా అలాంటి దగ్గు వస్తుంది.

మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలతిప్పుడు, ఒళ్ళునొప్పులు రావడం కూడా దీనివల్లే. ఎక్కువసార్లు అది మందు చేసిన చెడుపు కాదు. లోపల చచ్చిన పురుగుల మీద ఒళ్ళు చేసే హడావుడి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఇది తెలియక పక్కింటావిడకు జ్వరమొచ్చిందని వాడంతా మాత్రలు పారేస్తారు.

ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్లు

మరి అందరి కావలివాళ్ళూ ఒకేలా ఉంటారా? ఉండరు. వాళ్ళను అదుపుచేసే పగ్గాల్లో కొన్ని మన హార్మోన్ల చేతిలో ఉన్నాయి. స్టెరాయిడ్ అనగానే మనకు సూదిమందే గుర్తొస్తుంది. కానీ మన ఒళ్ళే రోజూ స్టెరాయిడ్లు తయారు చేసుకుంటుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథుల్లో కార్టిసాల్, ఆడవాళ్ళ అండాశయాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, మగవాళ్ళలో టెస్టోస్టిరాన్. ఇవన్నీ కొలెస్టరాల్ నుంచి పుట్టిన అక్కచెల్లెళ్ళే. నెలసరి, గర్భం, గడ్డం, మీసం... ఇవే వీటి పనులని అనుకుంటాం. నిజానికి రక్షణ కణాలు కూడా వీటి మాట వింటాయి.

చాలా ప్రాంతాల్లో జరిపిన ఫైలేరియా సర్వేల్లో రక్తంలో పిల్లపురుగులు ఆడవాళ్ళలో కంటే మగవాళ్ళలో ఎక్కువగా కనిపించాయి. ఆ తేడా ఆడవాళ్ళు పిల్లల్ని కనే వయసులో ఉన్నప్పుడు స్పష్టంగా ఉంది. మగవాళ్ళు చొక్కా లేకుండా ఆరుబయట పడుకోవడం, దోమకాట్లు ఎక్కువ పడటం ఒక కారణం కావచ్చు. హార్మోన్లు ఇంకో కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మలేరియా విషయంలో ఎలుకల మీద జర్మనీలో జరిగిన ప్రయోగాలు దీన్ని బలపరిచాయి. ఒక రకం మలేరియాను తట్టుకుని బతికే ఆడ ఎలుకలకు టెస్టోస్టిరాన్ ఇస్తే అవి ఆ శక్తి కోల్పోయి చచ్చిపోయాయి.

అలాగని ఆడవాళ్ళకు అన్నిట్లోనూ రక్షణ ఎక్కువని మురిసిపోకూడదు. మెక్సికోలో ఒక రకం బద్దెపురుగు మీద పరిశోధిస్తే ఫలితం తిరగబడింది. అక్కడ ఈస్ట్రోజెన్ వల్ల పురుగులే పెరిగాయి, ఆడ ఎలుకలే ఎక్కువ బాధపడ్డాయి. పురుగును బట్టి, హార్మోను మోతాదును బట్టి కథ మారుతుందన్నమాట.

గర్భం దాల్చినప్పుడు ఈ పగ్గాలు మరీ గట్టిగా పనిచేస్తాయి. కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక. తల్లి ఒళ్ళు ఆ బిడ్డను పరాయిదనుకుని తిరగబడకూడదు. అందుకే ప్రొజెస్టిరాన్, కార్టిసాల్ పెరిగి కావలివాళ్ళ దూకుడును కాస్త తగ్గిస్తాయి. నెలలు నిండే నాటికి రక్తంలో కార్టిసాల్ మామూలుకు రెండు మూడు రెట్లుంటుంది. బిడ్డకు అది వరం. మలేరియా లాంటి జబ్బుకు మాత్రం అది సందు. పైగా మలేరియా క్రిమి మావిలో దాక్కునే ఉపాయం నేర్చింది. తొలిచూలు తల్లి ఒంటికి ఆ ఉపాయం కొత్త. అందుకే మొదటి కాన్పులో మలేరియా మరీ ప్రమాదం. బిడ్డ బరువు తగ్గుతుంది, తల్లికి రక్తం తగ్గుతుంది. డ్యాములు, రోడ్ల పనులకు దేశమంతా తిరిగిన పాలమూరు వలస కూలీల కుటుంబాల్లో గర్భిణులూ ఉండేవారు. మలేరియా ఉన్న చోట గుడారాల్లో పడుకునే అలాంటి తల్లులకు దోమతెర విలాసం కాదు, అవసరం. గర్భిణికి చలిజ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రక్తపరీక్ష చేయించాలి.

ఒక నెల తేడాలో

1948 ఆగస్టులో ఒక ఉదయం సుబ్బారావుగారు తన గదిలో నిద్రలోనే చనిపోయి కనిపించారు. గుండెపోటు. వయసు యాభైమూడు. నోబెల్ రాలేదు. చేసిన పనుల్లో చాలావాటికి తన పేరు ముందు పెట్టుకోలేదు. మందు బయటికొచ్చి రోగికి అందితే చాలనుకునే మనిషి. తర్వాతివాళ్ళు ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన కన్నుమూసిన మరుసటి నెల, 1948 సెప్టెంబరులో, అమెరికాలోనే మేయో క్లినిక్‌లో ఒక అద్భుతం జరిగింది. కీళ్ళవాతంతో మంచానపడ్డ ఇరవైతొమ్మిదేళ్ళ యువతికి ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ అనే స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చింది. రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. లోకం ముక్కున వేలేసుకుంది. 1950లో హెంచ్, కెండాల్, రైష్‌స్టైన్ నోబెల్ అందుకున్నారు. ఉబ్బసం, కీళ్ళవాతం, ఎన్నో మొండి జబ్బుల్లో స్టెరాయిడ్లు ఈనాటికీ ప్రాణాలు నిలబెడుతున్నాయి.

కానీ కొద్దికాలంలోనే దాని రెండో ముఖం బయటపడింది. ఎక్కువ మోతాదులో, ఎక్కువకాలం వాడితే స్టెరాయిడ్ కావలివాళ్ళను నిద్రపుచ్చుతుంది. ముఖ్యంగా పురుగుల మీదికి దూకే ఇస్నోఫిల్స్ రక్తంలో బాగా తగ్గిపోతాయి. సుబ్బారావుగారి మాత్ర ఒంటి రక్షణను పురుగు మీదికి ఉసిగొల్పితే, విచక్షణ లేకుండా వాడిన స్టెరాయిడ్ ఆ రక్షణనే జోకొడుతుంది.

నొప్పి తగ్గించే సూదిమందు ముచ్చట

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళ వల్ల నడుములు, కీళ్ళు పట్టేసిన వాళ్ళ బాధ అందరికీ తెలిసిందే. పత్తి ఏరీ, నాట్లు వేసీ ఆడవాళ్ళ నడుములు పడిపోతాయి. ఊళ్ళో ఎవరో ఒక సూది పొడుస్తారు. లేదంటే పేరు లేని పొట్లంలో మాత్రలు కట్టిస్తారు. సాయంత్రానికి నొప్పి పోతుంది, ఆకలి వేస్తుంది, ముఖం నిండుగా అవుతుంది. చెయ్యి మంచిదని నలుగురికీ చెబుతాం. అలాంటి సూదుల్లో, పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వాడితే షుగరు, బి.పి., ఎముకల గుల్లతనం వచ్చిపడతాయి. దాగి ఉన్న జబ్బులు కూడా తలెత్తుతాయి.

స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు ఒకటుంది. ఉత్తకాళ్ళతో తడిమట్టిలో నడిస్తే పాదం చర్మంలోంచి లోపలికి పోతుంది. పేగుల్లో చేరి, అక్కడే పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలే మళ్ళీ ఒంట్లోకి దూరుతూ ఏళ్ళ తరబడి, ఒక్కోసారి దశాబ్దాల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. రక్షణ కణాలు దాన్ని అదుపులో ఉంచుతాయి. ఎక్కువ స్టెరాయిడ్ పడిందా, అదుపు తప్పుతుంది. పురుగులు వేలకువేలై ఊపిరితిత్తులకూ, ఇతర అవయవాలకూ పాకి ప్రాణం తీస్తాయి. అందుకే చాలాకాలం స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే అనుమానం ఉన్నవాళ్ళకు ముందు ఆ పురుగుకు పరీక్షో, మందో ఇవ్వాలని నిపుణులు చెబుతారు. కరోనా రోజుల్లో ఇదే భయం మళ్ళీ వచ్చింది. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలు తగ్గిస్తుందని 2020లో బ్రిటన్‌లో తేలింది. సరైన రోగికి, సరైన మోతాదులో అది వరమే. అయినదానికీ కానిదానికీ వాడినచోట ఏమైందో 2021లో బ్లాక్ ఫంగస్ రూపంలో కళ్ళారా చూశాం. అది పురుగు కాదు, బూజు. దారి మాత్రం అదే. షుగరు, స్టెరాయిడ్ రెండూ కలిసి కావలిని బలహీనపరిచాయి.

అలాగని పెద్ద డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను భయపడి ఒక్కసారిగా మానేయకూడదు. చాలాకాలం వాడితే ఒళ్ళు తన సొంత కార్టిసాల్ తయారీ తగ్గించేసుకుంటుంది. హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు. మెల్లమెల్లగా డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. ఏం మందు ఇస్తున్నారో పేరు అడిగి, చీటీ దాచుకోవడం మన హక్కు.

మనం చేయగలిగింది

బోదకాలు చంపదు, కానీ బతకనివ్వదు. కాలు వాచిన అమ్మాయికి సంబంధం కుదరదు. కాపురంలో ఉన్నావిడ పండక్కి పుట్టింటికి వెళ్ళాలన్నా సిగ్గుపడుతుంది. చీర కుచ్చిళ్ళ మాటున కాలు దాచుకుని ఏళ్ళు గడిపిన ఆడవాళ్ళున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకు కూడా పింఛను ఇవ్వడం మొదలుపెట్టిందంటే ఈ బాధ ఎంత లోతైనదో ఆలోచించండి.

ముదిరిపోయిన వాపు మాత్రతో తగ్గదు. రాకుండా ఆపడమే మార్గం. పెద్ద పురుగు ఒంట్లో ఏళ్ళపాటు బతుకుతుంది. కాబట్టి ఒక్కసారి మింగితే చాలదు, ఇచ్చిన ప్రతి ఏడూ మింగాలి. వాపు లేదని ఊరుకోవద్దు. రక్తంలో పిల్లపురుగులుండి పైకి ఏమీ కనబడనివాళ్ళ నుంచే దోమ జబ్బును ఇంకొకరికి మోసుకెళుతుంది. ఆ పిల్లపురుగులు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి గనక ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ వచ్చి వేలు గుచ్చితే విసుక్కోకూడదు. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకు డి.ఇ.సి. ఇవ్వరు. గర్భిణి తన సంగతి ముందే చెప్పాలి. ఇప్పటికే కాలు వాచినవాళ్ళు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకుంటే జ్వరాలు తగ్గుతాయి, వాపు పెరగదు. ఈ దోమ మురికినీళ్ళలో పెరుగుతుంది. ఇంటి ముందు మురుగు నిలవనివ్వకుండా చూసుకోవడం, సెప్టిక్ ట్యాంకు గొట్టానికి జాలీగుడ్డ కట్టడం మన చేతిలో పనులే.

చివరిగా ఒక్కమాట. సుబ్బారావుగారు మళ్ళీ మన గడ్డ మీద అడుగుపెట్టలేదు. కొన్నేళ్ళలో వస్తానన్న మనిషి పాతికేళ్ళు గడిచినా రాలేదు. చివరికి ఆయన పోయారన్న కబురే వచ్చింది. శేషగిరమ్మ ఎదురుచూపుకు ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు, ఏ తపాలా బిళ్ళా వెయ్యలేదు. బిడ్డను పోగొట్టుకుని, భర్త ఉండీ లేనట్టే బతికిన ఒక తెలుగింటి ఆడపడుచు త్యాగం కూడా ఆ మాత్రలో కలిసి ఉంది. సన్యాసం వద్దని పట్టుబట్టిన ఒక తల్లి మొండితనమూ ఉంది.

ఈసారి ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రను కొంగున కట్టుకోకండి. అన్నం తిని, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, ఆమె ముందే మింగేయండి. ఆయన చేసిన దానికి మనం చెప్పగలిగిన కృతజ్ఞత అదే.